హాజరు పట్టీలో మా పేర్లు

మాలో నలభై దాటినవాళ్లని ఎవరినైనా కదిపి చిన్ననాటి బడి గురించి అడగండి. పలకా బలపం, గంట మోతా తర్వాత గుర్తొస్తాయి. ముందు గుర్తొచ్చేది పేరు పిలుపు. మాస్టారు హాజరు పట్టీ తెరిచి వరసగా పిలుచుకుంటూ వచ్చి మా దగ్గర కాస్త ఆగేవారు. "షేక్ కాజా" అనేవారు. మా అబ్బా ఖాజా అని చెప్పి రాయించిన పేరు పట్టీలోకి వచ్చేసరికి కాజా అయి కూర్చుంది. వెనక వరసలోంచి ఎవడో "తాపేశ్వరం కాజా" అనేవాడు. క్లాసంతా నవ్వేది. మేమూ నవ్వేవాళ్లం. నవ్వకపోతే ఇంకా ఎక్కువ నవ్వుతారని ఆరేళ్లకే తెలిసిపోయింది.

ఫాతిమా పాతిమా అయ్యేది. ఖాసిం కాశిం అయ్యేవాడు. జహీరుద్దీన్ గడిలో పట్టక జహీరు దగ్గర ఆగిపోయేవాడు. పుట్టిన తేదీ అడిగితే మా నానీ "ఉప్పెనొచ్చిన రెండో యేడు, రంజాన్ ముందు" అని చెప్పేది. మాస్టారు జులై 1 అని రాసుకునేవారు. మా గల్లీ పిల్లలూ, మాలపల్లె పిల్లల్లో సగంమందీ ఒకే రోజున పుట్టారు పట్టీ ప్రకారం.

అదే పట్టీలో మస్తాన్‌రావు ఉన్నాడు, మస్తాన్‌వలీ ఉన్నాడు, మస్తానమ్మ ఉంది. ముగ్గురి పేర్లూ గుంటూరు కాలే మస్తాన్ షా వలీ దర్గా మొక్కులే. నాగూర్‌రావూ నాగూర్‌మీరా పక్కపక్కన ఉన్నారు. ఇద్దరి వెనకా ఉన్నది తమిళనాడు నాగూరు దర్గా. మస్తాన్‌రావు పేరు పిలిచినప్పుడు ఎవరూ నవ్వలేదు. ఖాజా దగ్గరే నవ్వొచ్చింది. ఒకే దర్గా పేరు ఒకడికి సొంత పేరైంది, ఇంకొకడికి పరాయి గుర్తైంది.

ఇంతకీ హాజరు అన్న మాట ఎక్కడిది? అరబ్బీది. పారశీకం మీదుగా, కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చింది. ఆ గదిలో మాస్టారు కూర్చున్న కుర్చీ, ఆయన చేతిలో కాగితం, కలం, సిరా, బోర్డు మీద తారీఖు, మేం చెప్పాల్సిన జవాబు, బాగుందనో బాగాలేదనో అనిపించుకునే దస్తూరి, అన్నీ అదే దారిన వచ్చినవే. వాటిని ఎవరూ ఎక్కణ్ణుంచి వచ్చావని అడగలేదు. అవి తెలుగైపోయాయి. వాటిని మా మాటలు అనడం కూడా ఇవాళ తప్పే. మా బాధ వేరు. మాటలకి దొరికిన పౌరసత్వం మనుషులకి ఎందుకు దొరకలేదు?

గుంటూరు, ప్రకాశం మెట్ట ఊళ్లలో, పత్తి చేలకీ మిరప కల్లాలకీ మధ్య ఉన్న ప్రాథమిక పాఠశాలలో ముస్లిం పిల్లవాడు ఎక్కడ కూర్చున్నాడు, ఏం విన్నాడు, ఏం విననట్టు నటించాడు అన్నది చిన్న విషయం కాదు. ఈ దేశంలో మేమెవరమో మాకు మొదట చెప్పింది నాయకులూ పత్రికలూ కాదు, ఒకటో తరగతి. అందుకని ఆ పట్టీనే చరిత్ర పత్రంగా తీసుకుని చదవాలనుకున్నాం.

*

మా ప్రాంతాన్ని పాత కాగితాల్లో ముర్తజానగర్ సర్కారు అనేవాళ్లు. కొండవీటి సర్కారు అన్నా అదే. 16వ శతాబ్దం చివర కొండవీడు గోల్కొండ సుల్తానుల పాలనలోకి వచ్చింది. తర్వాత మొఘలాయీలు, ఆపైన నిజాం. మిగతా ఉత్తర సర్కార్లు 1766 ఒప్పందంతో కుంపిణీకి పోయినా, గుంటూరు నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా మిగిలింది. 1788లో అదీ చేతులు మారింది. అంటే రమారమి రెండొందల యేళ్లు ఇక్కడ పెద్ద కచేరీల్లో పారశీకం నడిచింది. దాన్ని నేర్చుకున్నది సాయిబుల పిల్లలే కాదు. లెక్కలూ మిరాసులూ చూసుకోవలసిన కరణాల ఇళ్లల్లోని పిల్లలూ నేర్చుకున్నారు. జమాబందీ, ఫసలీ, దస్తావేజు అన్న మాటలు తెలుగు పల్లెలో పాతుకుపోవడానికి కారణం వాళ్లే. భాషకి మతం అంటగట్టే పని అప్పటికింకా మొదలుకాలేదు.

అప్పట్లో చదువంటే వీధి బడి. అరుగు మీద అయ్యవారు, ఇసుకలో వేలితో దిద్దే ఓనమాలు, తర్వాత తాటాకు, తప్పుచేస్తే గుంజీలు, కోదండం. దసరాకి పిల్లలు పూలబాణాలు పట్టుకుని అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగి మామూళ్లు వసూలు చేసేవాళ్లు. అయ్యవారి యేడాది జీతం ఆ మామూళ్లతోనే సగం తీరేది. మసీదు అరుగు మీద ఇంకో బడి. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగో రోజున పిల్లవాడికి కొత్తబట్టలు కట్టి బిస్మిల్లా చదివించి మిఠాయి పంచేవాళ్లు. ఆ తర్వాత ఖాయిదా, ఖాయిదా తర్వాత ఖురాన్. పక్కింట్లో బియ్యంలో అక్షరాభ్యాసం, మా ఇంట్లో బిస్మిల్లా. రెంటికీ పేరంటాలు అటూ ఇటూ నడిచేవి.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో రాష్ట్రంలో బడులెన్ని, చదివే పిల్లలెందరు అని కలెక్టర్ల దగ్గర లెక్కలు తెప్పించాడు. 1826 నాటికి తేలింది: 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. మొత్తం జనం కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు. ఆ లెక్కల పట్టికలో గడులు ఇవి: బ్రాహ్మలు, వైశ్యులు, శూద్రులు, ఇతర కులాలు, ఆ పక్కన ముసల్మానులు. లెక్కకోసం గీసిన గీత అది. గీసినవాడి ఉద్దేశం ఏదైనా, దాన్ని తర్వాతివాళ్లు చెరపలేదు. మా కులాలు, మా వృత్తులు, మాలో తెలుగు మాట్లాడేవాళ్లెవరు, ఉర్దూ మాట్లాడేవాళ్లెవరు అన్నవన్నీ ఆ ఒక్క గడిలో కుక్కేశారు.

1857 తర్వాత తెల్లదొరలకి ముసల్మాన్ల చదువు మీద బెంగ పట్టుకుంది. 1871లో వైస్రాయి మేయో ప్రభుత్వం ముస్లింల చదువుపై తీర్మానం చేసింది. 1882లో హంటర్ అధ్యక్షతన కూర్చున్న విద్యా కమిషన్ మా చదువు గురించి పదిహేడు సిఫార్సులు చేసింది. దేశీయ ముస్లిం బడుల్లో లౌకిక విద్య కూడా చెప్పేలా ప్రోత్సహించాలని, ముస్లిం టీచర్ల శిక్షణకి ఏర్పాట్లు చేయాలని, ముస్లిం బడుల్ని తనిఖీ చేయడానికి ముస్లిం అధికారుల్ని ఎక్కువమందిని పెట్టాలని అందులో ఉన్నాయి. అన్నిటికన్నా మాకు తగిలింది భాష గురించిన సిఫార్సు. ముస్లింల ప్రాథమిక బడుల్లో హిందుస్తానీయే బోధనా భాషగా ఉండాలి, ఆ ప్రాంతపు ముస్లింలు వేరే భాష కోరితే తప్ప అంది కమిషన్.

కోరితే తప్ప! మా మెట్ట పల్లెల్లో ఎవరు కోరాలి? ఎవరినడిగారు? అర్జీలు రాయగలిగినవాళ్లు పట్నాల్లో ఉన్న ఉర్దూ ఇళ్లవాళ్లు. కాబట్టి పట్నాల్లో ఉర్దూ ఎలిమెంటరీ బడులొచ్చాయి. ఒక గది, ఒక ఉస్తాద్, నాలుగు తరగతులు. వాటివల్ల మేలు జరగలేదనం. మా నానాలు, దాదాలు సంతకం చేయగలిగింది వాటివల్లే. అయితే ఆ బడి నాలుగో ఐదో తరగతితో ఆగిపోయేది. ఆ పైన చదవాలంటే తెలుగు హైస్కూలే. ఉర్దూలో గుణకారం నేర్చుకుని వచ్చిన పిల్లవాడు తెలుగులో భిన్నాలు అర్థంకాక ఆరులోనో ఏడులోనో ఫెయిలై లారీ షెడ్డుకి పోయేవాడు. వాణ్ణి చూసి లోకం అనేది: "సాయిబుల పిల్లలకి చదువబ్బదు."

*

పల్లెల్లో మా సగం కథ వేరు. దాన్ని మేం ఇన్నాళ్లూ సరిగ్గా చెప్పలేదు. చెప్పకపోవడం మా తప్పు.

నల్లరేగడిలో పత్తి ఉన్నచోటల్లా దూదేకులవాళ్లున్నారు. నూర్‌బాషాలని, పింజారీలని కూడా అంటారు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూదేకి పరుపులూ దిండ్లూ కుట్టడం వాళ్ల వృత్తి. ఇంట్లో మాట తెలుగు. నమాజుకి మసీదు, పెళ్లికి నిఖా, పేరుకి ముందు షేక్. వాళ్ల పిల్లలు వీధి బడిలోనే, తెలుగు బడిలోనే చదివారు. ఉర్దూ బడికి వెళ్తే అక్కడి ఉస్తాద్‌కి వాళ్లు పరాయివాళ్లు, తెలుగు బడికి వెళ్తే అక్కడి మాస్టారికి వాళ్లు తురకలు. రెండు బడులూ వాళ్లని వెనక వరసలోనే కూర్చోబెట్టాయి. షేక్, సయ్యద్, పఠాన్ అని చెప్పుకునే ఉర్దూ ఇళ్లవాళ్లం మేం పిల్లనివ్వలేదు, పిల్లని చేసుకోలేదు. "నీకు ఉర్దూ రాదు, నువ్వేం ముసల్మానువి?" అన్నది మాస్టారు కాదు, మేం. పైవాడు మమ్మల్ని అవమానించాడని రాసేటప్పుడు ఈ వాక్యం కూడా రాయకపోతే మా రాత అబద్ధమవుతుంది.

ప్రభుత్వం 1970లో వెనకబడిన కులాల జాబితా వేసినప్పుడు దూదేకులని బి గ్రూపులో చేర్చింది. ఇతర ముస్లిం వెనకబడిన తరగతులకి నాలుగు శాతం రిజర్వేషన్ రావడానికి 2007 దాకా పట్టింది. ఈ ముప్పై ఏడేళ్ల తేడాలో రెండిళ్ల పిల్లలు ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. ఆ అనుమానం ఎవరికి లాభించిందో వేరే చెప్పనక్కరలేదు.

బడి అనగానే సర్కారు బడే అనుకోకూడదు. ఈ ప్రాంతపు ముస్లిం ఇళ్లల్లో ఇంకో బడి తరతరాలుగా నడిచింది. అది నాదస్వరం బడి. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా ఆ బడిలో చదివినవారే. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, ఆపైన తంజావూరు బాణీ వంటబట్టించుకుని, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. 2021లో పద్మశ్రీ అందుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులదీ ఈ నేలే. తెల్లవారుజామున లేచి ముందు నమాజు, తర్వాత త్యాగరాజ కీర్తన సాధన. ఆరేళ్ల పిల్లవాడికి ఈ రెంటి మధ్య తగవు ఉందని ఎవరూ చెప్పలేదు. రాములవారి పెళ్లికి సన్నాయి ఊదేది మా ఇంటి మనిషే. ఆ మనిషి కొడుకుని బడిలో "మీ దేశం పాకిస్తాన్ కదరా" అని అడిగిన పిల్లవాడి పెళ్లికి ఊదిందీ ఆయనే కావచ్చు.

*

మా చిన్ననాటి రోజు ఎలా గడిచేదో చెప్తాం. ఫజర్ తర్వాత మసీదులో హజ్రత్ దగ్గర ఖాయిదా. అక్కడ అరబ్బీ. అర్థం తెలియదు, ఉచ్చారణ తప్పితే బెత్తం. ఇంటికొస్తే అమ్మీతో ఉర్దూ. మా ఉర్దూ ఢిల్లీదీ కాదు, లక్నోదీ కాదు. "నక్కో", "కైకు" అనే దక్కనీ, దాన్లో వంకాయా చింతపండూ నాగలీ కల్లమూ అన్నీ తెలుగే. తొమ్మిదిన్నరకి బడి. అక్కడ తెలుగు. సాయంత్రం మళ్లీ ఉర్దూ నేర్పే భాయ్ దగ్గరికి వెళ్తే "నక్కో అనకూడదు, నహీఁ చాహియే అనాలి" అని మా అమ్మ భాషని దిద్దేవాడు. ఐదో తరగతి దాటకుండానే మూడు భాషలు, మూడు లిపులు మోశాం. ఒకటి కుడినుంచి ఎడమకి, ఒకటి ఎడమనుంచి కుడికి. ఇవాళ పత్రికాఫీసులో కూర్చుని ఉర్దూ వార్తని తెలుగులోకి, తెలుగు వార్తని ఉర్దూలోకి చకచకా మార్చగలుగుతున్నామంటే ఆ మోత పుణ్యమే. అప్పట్లో మాత్రం ఆ పిల్లవాణ్ణి ఎవరూ మూడు భాషలు వచ్చినవాడనలేదు. "వీడికి తెలుగు సరిగా రాదు" అన్నారు.

తెలంగాణ, రాయలసీమ మిత్రులు పాఠ్యపుస్తకాల్లో ఉన్నది కృష్ణా గుంటూరు భాష అని కోప్పడతారు. నిజమే. కానీ ఆ గుంటూరులోనే పుట్టిన మాకు కూడా అది అమ్మ భాష కాలేదు. మాల మాదిగ పిల్లలకీ కాలేదు. ఆ భాష జిల్లాది కాదు, కొన్ని ఇళ్లది.

పొద్దున ప్రార్థన. వరసగా నిలబడితే ముందు దేవుడి పద్యం, తర్వాత ప్రతిజ్ఞ. దేవుడి పద్యంలో వినాయకుడో సరస్వతో ఉండేది. మాలో కొందరు పాడేవాళ్లం, కొందరు పెదవులు ఆడించేవాళ్లం. ఇంట్లో తెలిస్తే హజ్రత్‌కి కోపం, పాడకపోతే మాస్టారికి కోపం. ఆరేళ్ల పిల్లవాడు దైవం గురించి పడ్డ మొదటి తర్జనభర్జన అది. ప్రతిజ్ఞ మాత్రం గొంతెత్తి చెప్పేవాళ్లం. అందులో ఏ దేవుడూ లేడు, దేశం ఉంది, అందరం తోబుట్టువులమన్న మాట ఉంది. దాన్ని 1962లో తెలుగులో రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. అప్పుడాయన విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. దేశంలోని అన్ని భాషల్లోకీ, ఉర్దూలోకి కూడా, అది వెళ్లింది. దాన్ని అంత గట్టిగా ఎందుకు చెప్పేవాళ్లమో పెద్దయ్యాక అర్థమైంది. రోజూ పొద్దున అందరిముందూ సాక్ష్యం చెప్పుకునే అవకాశం అది. మిగతా పిల్లలకి అది ఒక అలవాటు. మాకు రోజువారీ పరీక్ష. 1986 ఏప్రిల్‌లో షార్జాలో మియాందాద్ చివరి బంతికి సిక్సర్ కొట్టిన మర్నాటినుంచి ఆ పరీక్ష ఇంకా కష్టమైంది. క్రికెట్ అంటే తెలియని మా క్లాసు ఖాసింని కూడా "మీవాళ్లు గెలిచారు కదరా" అన్నారు.

ఒక మాట చెప్పాలి. బడిలో జరిగిన పండగలు మాకు బాధగా గుర్తులేవు. వినాయకచవితికి పత్రి కోసుకొచ్చాం, దసరాకి సరస్వతి పటం ముందు పుస్తకాలు పెట్టాం, ఉండ్రాళ్లు తిన్నాం. పీర్ల పండగకి మా వెంట నిప్పులగుండం చుట్టూ తిరిగినవాళ్లూ ఆ పిల్లలే. అయితే ఆ పండగలకి బడిలో చోటుంది, పీర్లకి లేదు. రంజాన్ రోజున మేం ఇంటినుంచి డబ్బాలో షీర్‌ఖుర్మా తెస్తే అందరూ లొట్టలేసుకుంటూ తాగేవాళ్లు. కానీ ఆ పండగేమిటో ఏ మాస్టారూ బోర్డు మీద రాయలేదు. సెక్యులర్ మిత్రులు దీన్ని గమనించాలి. మెజారిటీ పండగ బడిలోకొస్తే సంస్కృతి అవుతుంది. మైనారిటీ పండగ వస్తే మతం అవుతుంది. ఈ తేడాకి ఎవరూ చట్టం చేయలేదు. అలవాటుగా వచ్చింది కాబట్టే తీయడం కష్టం.

*

అన్నిటికన్నా భయపడ్డది సాంఘికశాస్త్రం పిరియడ్‌కి. గజనీ మహమూద్ పదిహేడు దండయాత్రలు. ఆ పాఠం చెప్తున్నప్పుడు ముప్పై తలలు మా వైపు తిరిగేవి. క్లాసులో మహమూద్ అనే కుర్రాడికి ఆ మధ్యాహ్నంనుంచి "గజినీ" అని పేరు పడింది. బడి మానేసిందాకా పోలేదు.

భారతదేశ చరిత్రని హిందూ యుగం, ముస్లిం యుగం, బ్రిటిష్ యుగం అని మూడు ముక్కలు చేసింది జేమ్స్ మిల్. 1817లో పుస్తకం అచ్చేశాడు. ఈ దేశానికి ఒక్కసారైనా రాలేదు, ఇక్కడి భాష ఒక్కటీ రాదు. మన పాఠాలు చాలాకాలం ఆయన ముక్కల్లోనే నడిచాయి. ఆ ముక్కల్లో మా ఊరి చరిత్ర ఎక్కడా లేదు.

చెప్పదలుచుకుంటే చెప్పడానికి ఎంత ఉంది! కిటికీలోంచి కనబడే కొండవీడు ఉంది. దాన్నేలిన ఇబ్రహీం కుతుబ్ షా యువకుడిగా ఏడేళ్లు విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకుని తెలుగు విన్నాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి ఇంటిపేరున్న గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకి అంకితమిచ్చాడు. సంస్కృతం మాట దొర్లకుండా రాసిన తొలి అచ్చతెలుగు కావ్యం పొన్నెగంటి తెలగన యయాతి చరిత్ర. దాన్ని అంకితం పుచ్చుకున్నది పటాన్‌చెరువు అమీన్ ఖాన్. అచ్చమైన తెలుగు కోసం ముచ్చటపడ్డవాడు ఒక ఖాన్ అని ఐదో తరగతిలో ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఆ మధ్యాహ్నం ముప్పై తలలు వేరే రకంగా తిరిగేవి. సుల్తానులంతా మంచివాళ్లని మేం అనం. రాజులు రాజులే. దండెత్తిన రాజు మతం పిల్లవాడి మెడకి కట్టకండి అంటున్నాం. పదిహేడు దండయాత్రలు బట్టీ పట్టించిన బడి, మా చదువు గురించి చేసిన పదిహేడు సిఫార్సులేమయ్యాయో ఒక్కనాడూ చెప్పలేదు.

*

ఇదంతా రాశాక ఒక రోజు గురించి రాయకపోతే అన్యాయమవుతుంది.

1980ల చివర బ్రిటన్ సాయంతో ప్రాథమిక విద్యా పథకం ఒకటి రాష్ట్రంలో మొదలైంది. టీచర్లకి కొత్త శిక్షణ ఇచ్చారు. పిల్లల చేత పనులు చేయించి నేర్పాలి, గుంపులుగా కూర్చోబెట్టాలి, ఊళ్లో దొరికే వస్తువులతో పాఠం చెప్పాలి, పిల్లలు చేసినవి గోడలకి తగిలించాలి అన్నవి దాని సూత్రాలు. శిక్షణనుంచి తిరిగొచ్చిన మా మాస్టారు ఒకాయన "రేపు మీ ఇంట్లో పనిముట్టు ఒకటి పట్టుకురండిరా" అన్నారు. కుమ్మరి పిల్ల సారె చక్రం మీద నుంచి దించిన పచ్చికుండ తెచ్చింది. మాదిగ పిల్లవాడు ఆరె తెచ్చాడు, దాన్ని ముట్టుకోవడానికి ముందు కొందరు జంకారు. నూర్‌బాషాల మస్తాన్‌వలీ వాళ్ల తాత దూదేకే విల్లు మోసుకొచ్చాడు. విల్లు వాడికన్నా పొడుగుంది.

మాస్టారు వాణ్ణి బల్ల పక్కన నిలబెట్టి "ఏకి చూపించరా" అన్నారు. నేలమీద గోనెపట్టా పరిచి గుప్పెడు పత్తి వేశారు. వాడు విల్లు వేలాడదీసి నరం మీద కర్ర గుండుతో కొట్టాడు. టంయ్ టంయ్ మని మోగింది. ముద్దగా ఉన్న పత్తి పొరలు పొరలుగా లేచి, గదంతా తెల్లటి పింజలు ఎగిరాయి. మా జుట్ల మీదా కనురెప్పల మీదా వాలాయి. అందరం చప్పట్లు కొట్టాం. మాస్టారు బోర్డు మీద పత్తి, గింజ, పింజ, ఏకు, నూలు, గుడ్డ అని వరసగా రాసి, ఏకు దగ్గర గీత గీసి "ఇక్కడ వీళ్ల తాత లేకపోతే నీ చొక్కా లేదురా" అన్నారు. ఆ రోజు హాజరు పట్టీలో ఆ పేరు పిలిచినప్పుడు వాడి గొంతు మాకిప్పటికీ గుర్తుంది.

అదొక్క రోజే. పథకం కాగితాలు కరిగిపోయాయి, గోడమీది బొమ్మలు వానకి తడిసిపోయాయి. అయినా ఆ ఒక్క రోజు మాకు రుజువు. బడి తలుచుకుంటే చేయగలదు. ఖర్చేమీ కాదు. మాస్టారు ఒక ప్రశ్న అడిగితే చాలు.

మస్తాన్‌వలీ ఐదు పూర్తిచేయలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం పత్తి చేల మీద తెల్లదోమ పడింది. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. రైతు గురించి పత్రికలు రాశాయి, రాయాల్సిందే. రైతు మునిగితే అతని మీద బతికే కూలివాడు, దూదేకులవాడు ఏమయ్యాడో రాసింది తక్కువ. అప్పటికే జిన్నింగు మిల్లులూ మిల్లు పరుపులూ విల్లుని సగం చంపాయి. వాడి నాన్న ఒక యేడాది పరుపులు కుట్టే పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగాడు, తర్వాత కుటుంబం మొత్తం మిరప కోతలకి దిగింది.

మా పట్టీలో సంక్రాంతి తర్వాత గడులు చూస్తే తెలుస్తుంది. జనవరినుంచి మార్చిదాకా మిరప కోతలు, కల్లాల్లో ఎండబెట్టడం, తాలుకాయ ఏరడం. అంతకుముందు పత్తి తీత. ఈ పనులకి చిన్న వేళ్లు కావాలి. కారం చేత్తో కళ్లు నులుముకుని ఏడ్చే పిల్లలు మా ఊరి కల్లాల్లో కొత్తేం కాదు. ముస్లింలు, దళితులు, యానాదులు, వీళ్ల పేర్ల ఎదురుగానే గైర్హాజరు వరసగా పడేది. నెల దాటితే ఎర్ర సిరాతో పేరు కొట్టేసేవాళ్లు. ఆడపిల్లల్ని మేమే ఆపేశాం. ఐదు పాసైతే చాలన్నాం, పెద్దమనిషి కాబోతోందన్నాం, పక్కూరి హైస్కూలుకి దూరమన్నాం. మా చెల్లెళ్ల పేర్లు కొట్టేసిన ఎర్ర సిరా మా ఇంటిదే.

*

ఇప్పటి సంగతి. ముస్లిం పిల్లలంతా మదర్సాల్లోనే ఉంటారన్న మాట టీవీల్లో రోజూ వింటుంటాం. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ఈ మాట తప్పని తేల్చింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాలకి వెళ్లేవాళ్లు నూటికి నలుగురికి మించరు. మిగతావాళ్లు మీ పిల్లల పక్కనే కూర్చుంటున్నారు, లేదా ఏ బడిలోనూ లేరు.

2019 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని పిలిభీత్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి సస్పెండ్ చేశారు. పిల్లలచేత ఇక్బాల్ రాసిన ప్రార్థనా గీతం పాడించాడన్నది ఫిర్యాదు. 1902లో పిల్లల కోసం రాసిన పాట అది. చదువుని ప్రేమించాలని, పేదల పక్షాన నిలబడాలని కోరుకునే పాట. బడిలో ఎవరి ప్రార్థన మామూలుది, ఎవరి ప్రార్థన నేరం అన్న ప్రశ్న మా చిన్ననాటి వరసలో పెదవుల మధ్య ఇరుక్కున్నదే. ఇప్పుడు పోలీసు స్టేషన్ దాకా వెళ్లింది.

భాష సంగతీ అంతే. మాతృభాషలో ప్రాథమిక విద్యకి తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956లోనే చేరింది. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూని రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేసింది. సంతోషమే. కానీ బోర్డు మీద ఉర్దూ రాసినంత మాత్రాన బడిలోకి ఉర్దూ టీచరు రాడు. 2019 నవంబరులో ప్రభుత్వ ప్రాథమిక బడులని ఇంగ్లీషు మీడియంకి మారుస్తూ ఉత్తర్వు వచ్చింది. తెలుగో ఉర్దూవో ఒక సబ్జెక్టుగా ఉంటే చాలన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గొడవలో తెలుగు తల్లి గురించి చాలామంది మాట్లాడారు. పేద ముస్లిం తల్లి ఏం కోరుకుంటోందో మేం గల్లీల్లో అడిగాం. "ఉర్దూ ఇంట్లో ఉంది బేటా, తెలుగు వీధిలో ఉంది, ఇంగ్లీష్ ఎక్కడుంది? కొనుక్కోవాలి" అంది ఒకామె. ఈ జవాబుకి భాషాభిమానులు బదులు చెప్పాలి. మేం కూడా చెప్పాలి, ఉర్దూని కాపాడుకుందామని సభల్లో మాట్లాడి పిల్లల్ని కాన్వెంట్లకి పంపుకున్నవాళ్లం.

మాకు కావలసినవి పెద్ద కోరికలు కావు. మా పిల్లల పేర్లు సరిగ్గా రాయండి. ఖ కి ఒత్తు తెలుగులో ఉంది, కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కొండవీడు పాఠం చెప్పేటప్పుడు రెడ్డిరాజులతో పాటు గోల్కొండనీ, విల్లునీ నాదస్వరాన్నీ చెప్పండి. రంజాన్ గురించీ క్రిస్మస్ గురించీ సంక్రాంతి గురించీ ఒకే బోర్డు మీద, ఒకే సుద్దతో రాయండి. కోతల కాలంలో పేరు కొట్టేసేముందు ఒకసారి కల్లం దాకా వెళ్లి రండి. మా వైపునుంచి మేం చేయాల్సినవీ ఉన్నాయి. నూర్‌బాషాల పిల్లవాడికి మా ఉర్దూ బడిలో, మా ఇంట్లో, మా పెళ్లిపందిట్లో ముందు వరస ఇవ్వాలి. ఆడపిల్ల పేరు మీద ఎర్ర సిరా పడకుండా మా చేతిని మేం పట్టుకోవాలి.

మొన్నామధ్య పనిమీద వెళ్తూ ఆ ఊళ్లో ఆగాం. బడికి కొత్త రంగులు వేశారు. మస్తాన్‌వలీ మిర్చి యార్డులో టిక్కీలు మోసి మోసి నడుం పట్టేసి ఇంటిదగ్గరే ఉన్నాడు. విల్లు ఏదిరా అంటే అటక మీద ఉందన్నాడు. వాడి మనవరాలు ఒకటో తరగతి. ఆ పిల్లని పిలిచి "నీ పేరేంటమ్మా" అని అడిగాం. "షేక్ ఖుర్షీదా" అంది, ఖ ని ఒత్తి పలికి. "బడిలో ఏమని రాశారు?" అన్నాం. ఆ పిల్ల లోపలికి పరిగెత్తి నోటుపుస్తకం తెచ్చి అట్ట చూపించింది.

కుర్షిదా అని ఉంది. తనే పెన్సిలుతో క కొట్టేసి పైన ఖ రాసుకుంది.